నాలుగో మైకు దగ్గర గాలి

పరిగి నుంచి పెనుకొండకు పోయే అడ్డదారిలో సుంకప్ప కళ్లం అని ఒకటుంది. రాత్రిపూట దాని పేరెత్తితే మా వీధిలో ఆడోళ్లు "ఊరుకో పాపా, ఇంకేం మాటలు లేవా" అని తలుపులేసుకుంటారు.

పెద్ద సిమెంటు కళ్లం. దాని వెనక మూతబడిన చెనిక్కాయల గోడౌను. తుప్పు పట్టిన రేకు షట్టరు. చుట్టూ మైలు దూరం ఇల్లు లేదు, దీపం లేదు. పగలు గొర్రెలు తిరుగుతాయి. పొద్దు గూట్లో పడిందంటే — గొర్రెలు కూడా అటు తల తిప్పవు.

ఎందుకంటే ఆడ నల్లమ్మ చెరుగుతుంది.

నల్లమ్మ ఆ గోడౌనులో చెనిక్కాయలు చెరిగే కూలిమనిషంట. ఒకరోజు ముందర పెట్టుకున్న బస్తా అయిపోకముందే పానం పోయిందంట. ఆ బస్తా ఇంకా అయిపోలేదు. రాత్రి అటు పోయినోళ్లకు చాట ఎగరేసే శబ్దం... చర్... చర్... చర్... నిలబడి వింటే ఆగిపోతుంది. నాలుగడుగులు వేస్తే — మళ్లీ మొదలు. ఈ రెండేళ్లలో మరీ ఎక్కువైందని అందరూ అంటారు.

నేను ఆడికి పోలేదు. నాకు చెప్పింది నరేష్. నరేష్ ఎవరో రాయాలంటే సిగ్గుగా ఉంది. రాయకపోతే కథ నడవదు.

నా పేరు గ్రేస్. హిందూపురంలో కలుపు తీసే మిషన్లు తయారుచేసే షెడ్డులో స్టిక్కర్లు అతికిస్తా. నరేష్ అదే షెడ్డులో ఫిట్టరు. ఇంజన్ బిగించినాక స్టార్ట్ చేసి, కండ్లు మూసుకుని, చెవి వొంచి వింటాడు... పసిబిడ్డ నిద్రలో ఏమంటాందో విన్నట్లు. ఇనుమునే అంత ప్రేమగా వినేటోడు మనిషిని ఎట్ల వింటాడో అనుకున్నా. ఆపొద్దే నా పని అయిపోయింది. ఆరోజు ఇరవై స్టిక్కర్లు తలకిందులుగా అతికించినా.

మా నాయన మద్దిలేటి. హిందూపురంలో బట్టల మిల్లుకు రాత్రి వాచ్‌మన్. సాయంత్రం ఆరు కొట్టేసరికి కాకీ చొక్కా వేసుకుని, టిఫిన్ డబ్బా తగిలించుకుని, మోపెడ్ మీద పోతే తెల్లారి వస్తాడు. నరేష్ సంగతి చెప్తే కులం అడగలేదు. చర్చికి వస్తాడా అని కూడా అడగలేదు. ఒకటే మాట.

"పర్మనెంటా?"

"ఇంకా కాలేదు నాయనా..."

"అయినాక చెప్పు."

ఆరు నెలలు అదే మాట. మాయమ్మ ఏడ్చినా అదే మాట, నేను అన్నం మానేసినా అదే మాట.

అంతలో మా మిషన్ కు యూరప్ నుంచి ఆర్డరు వచ్చింది. ఆ దేశాలకు మిషన్ పోవాలంటే అది ఎంత శబ్దం చేస్తుందో, పట్టుకున్నోని చేతులకు ఎంత వణుకు వస్తుందో కొలిచి కాగితం ఇయ్యాలంట. శబ్దం ఎంతో స్టిక్కరు మీద అంకె వేయాల. మా మిషన్ కు ఆ అంకె తొంభై మూడు దాటిందా — ఓడలోంచి దించనియ్యరు.

మా ఓనరు మార్కండేయులు సారు. ధర్మవరంలో మగ్గాల సామాను చేసే ఇంటి నుంచి వచ్చినాడు. ఆయన అందరి ముందర నరేష్ భుజం తట్టి అన్నాడు.

"సైలెన్సరు బిగించింది నువ్వు. టెస్టులో మిషన్ పట్టుకునేదీ నువ్వే. పాసైతే నువ్వు పర్మనెంట్."

నేను ఆపొద్దు రాత్రి అరచేతిలో గోరింటాకుతో తొంభై మూడు అని రాసుకున్నా. అమ్మ చూసి "అదేం డిజైనే?" అనింది.

టెస్టు చేసేది బెంగుళూరు నుంచి వచ్చిన చాముండేశ్వరి మేడమ్. మా షెడ్డులో పెట్టి చూస్తే తొంభై ఆరు వచ్చింది. గోరింటాకు అంకె కనపడకుండా పిడికిలి బిగించినా. మేడమ్ మాత్రం నవ్వింది.

"రేకుల గోడలు తిరిగి అరుస్తున్నాయి. పక్కన ఇనుము ఫ్యాక్టరీ మొత్తుకుంటోంది. ఇక్కడ మీ మిషన్ గొంతు ఎట్లా తెలుస్తుంది? గోడలు లేని గట్టి నేల కావాల. రాత్రి స్వల్ప చప్పుడు కూడా ఉండకూడదు."

సారు వెతికి వెతికి ఆ చోటే పట్టినాడు... సుంకప్ప కళ్లం.

"మనిషే పోడంట ఆడికి! ఇంతకంటే నిశ్శబ్దం యాడ దొరుకుతాది?" అని మురిసిపోయినాడు. ధర్మవరం మనిషి కదా, ఎందుకు పోరని అడగలేదు.

గోడౌను తాళాలు గొర్రెల ఆదెప్ప దగ్గర ఉంటాయి. సారు ఫోన్ చేసి మేడమ్ చేతికిచ్చినాడు. స్పీకర్లో మేమంతా విన్నాం.

ఇక్కడొక మాట. మా పక్క గాలి అంటే వీచేదీ గాలే, మనిషిని పట్టేదీ గాలే. మేడమ్ అడిగింది మొదటిది. ఆదెప్ప చెప్పింది రెండోది.

"తాతా, ఆ కళ్లంలో రాత్రిపూట గాలి ఉంటుందా?"

"ఉండాది తల్లీ. దాచేదేముండాది."

"ఎక్కువా?"

"ఆడగాలి తల్లీ. ఎక్కువే."

"ఏ టైముకు వస్తుంది?"

"నడిజాము దాటాల."

"ఏ పక్క నుంచి?"

"గోడౌను పక్క నుంచే. యాడికి పోతాది పాపం."

"సెకనుకు అయిదు మీటర్లు దాటితే మాకు కష్టం తాతా."

ఫోన్లో ఆదెప్ప ఏదో గొర్రెను అదిలించినాడు.

"అది మీటర్లు చూసుకుని రాదు తల్లీ. వెంటబడితే పరిగి దాకా వస్తాది."

మేడమ్ అంతా పుస్తకంలో రాసుకుంది. "పర్లేదు. గాలికి టోపీలు తెస్తున్నాం."

ఆదెప్ప ఫోన్ పెట్టేసి ఊరంతా చెప్పినాడంట — "బెంగుళూరోళ్లు మామూలోళ్లు కాదప్పా. దెయ్యానికే టోపీ పెడ్తారంట."

మేడమ్ కు ఉన్నది ఆ ఒక్క రాత్రే. పొద్దున రైలుకు పోవాల. ఆ రాత్రి కాకపోతే మళ్లీ రెండు నెలలు, అప్పటికి ఆర్డరు ఇంకొకరి చేతిలో ఉంటుంది. ఇక్కడినుంచి నరేష్ చెప్పినట్లే రాస్తాండా.

కళ్లం నడిమధ్యన మిషన్. దాని చుట్టూ ఆరు స్టాండ్లు, ఒక్కోదాని మీద ఒక మైకు. మైకుకు గాలి తగలకుండా నల్లటి స్పాంజి ఉండలు తొడిగినారు. అవే టోపీలు. చీకట్లో వాటిని చూస్తే మెడ సన్నంగా, తల గుండ్రంగా... "ఆరుమంది నా చుట్టూ నిలబడి నన్నే చూస్తాండట్లుండె గ్రేస్" అన్నాడు.

హ్యాండిళ్లకు చొక్కా గుండీలంత సెన్సార్లు అతికించినారు. వణుకు కొలిచేది వాటితో.

"ముందు మిషన్ ఆపేసి ఖాళీ నిశ్శబ్దం కొలుస్తాం" అనింది మేడమ్. "ఫోన్లు ఆపండి. మాటలు వద్దు. దగ్గు వస్తే మింగండి."

అందరూ ఊపిరి బిగబట్టినారు. లాప్‌టాప్ లో అంకెలు... ఇరవై తొమ్మిది. ఇరవై తొమ్మిది. ఇరవై తొమ్మిది...

ముప్పై అయిదు.

నలభై రెండు.

మిగతా అయిదు మైకులూ కదల్లేదు. నాలుగోది ఒక్కటే. గోడౌను పక్క ఉన్నది.

మేడమ్ చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని, మెల్లగా తలెత్తింది. గుసగుసగా అనింది —

"గాలి... నాలుగో మైకు మీద గాలి."

తాళాలతో వచ్చి ఓ మూల పడుకున్న ఆదెప్ప గొంగడి లోంచి లేచి నిలబడినాడు. "చెప్తిని గదా!"

సారు ఒకడుగు వెనక్కి వేసినాడు. ఇంకొకడుగు. ఆ అడుగులు కారు దగ్గర ఆగినాయి. డోరు పడిన శబ్దం ఆరు మైకులూ పట్టుకున్నాయి.

ఆదెప్ప అప్పటికే వేపమండ విరుచుకుని నాలుగో మైకు మీదికి పోతాండాడు. "పక్కకు జరుగు తల్లీ! రెండు దెబ్బలకు దించుతా!"

"అయ్యో, ముట్టుకోవద్దు తాతా! లక్షన్నర!"

ఆదెప్ప చేతిలో మండ జారిపోయింది. "లక్షన్నరా? ఒక్కదాంతోనే చస్తాండామే!"

మేడమ్ కు ఏం అర్థం కాలేదు. "తగ్గేదాకా కూర్చుందాం. గాలి దానంతట అది పడిపోతుంది" అనింది. ఇంత ధైర్యం గల ఆడమనిషిని పుట్టినాక చూడలేదని ఆదెప్ప ఆమె కాళ్లకు దండం పెట్టినాడు.

రెండున్నరకు వీచే గాలి పడిపోయింది. ఆకు కదల్లేదు. చీమ చిటుక్కుమన్నా వినపడేట్లుంది.

అప్పుడు —

చర్... చర్... చర్...

మేడమ్ హెడ్‌ఫోన్ తీసేసింది. తీసినా వినపడుతోంది.

గోడౌను పక్కకు తిరిగింది. "ఇది గాలి కాదు."

అంతసేపూ గాలి గాలి అన్న మనిషి గాలి కాదనేసరికి ఆదెప్పకు ఉన్న ధైర్యం కూడా పోయింది. "గాలి కాకపోతే ఇంకేంది తల్లీ? దానికి పైదా?"

మేడమ్ లాప్‌టాప్ వైపు చూసి ఉలిక్కిపడింది. "నరేష్! మిషన్ ఆపమన్నాను కదా!"

"ఆపే ఉండాది మేడమ్."

"మరి హ్యాండిల్ వణుకుతోంది. గీత చూడండి, పైకి కిందికి..."

నరేష్ తన చేతులకేసి చూసుకున్నాడు. "అది నేను మేడమ్."

"చేతులు తీయండి."

తీసినాడు. గీత చప్పగా పడుకుంది. మేడమ్ పాపం చాలా మర్యాదగా, "యూరప్ లో మిమ్మల్ని కూడా దించనియ్యరు" అనింది.

నవ్వడానికి టైము లేదు. గోడౌను వెనకనుంచి, రేకు షట్టరు మీద ఎవరో బాదినారు.

ధన్! ... ధన్! ... ధన్!

అంకె డెబ్బై ఎనిమిదికి పోయి వచ్చింది.

మేడమ్ గడియారం చూసుకుంది. "ఇట్లా తెలియని శబ్దం ఉంటే నేను సంతకం పెట్టలేను. నాలుగున్నరకు పిట్టలు లేస్తాయి. ఆ తర్వాత ఇంక కాదు."

కారు అద్దం రెండు వేళ్ల సందంత దిగింది.

"నరేషా... పోయి చూసి రాప్పా."

"నేనా సార్?"

"పర్మనెంట్ అయ్యేది నువ్వు కదా!"

"ఇప్పుడు పోతే," అన్నాడు ఆదెప్ప గొంగడి ముసుగు లోంచి, "నిజంగానే పర్మనెంట్ అయితాడు."

నరేష్ ఒక్క నిమిషం నిలబడినాడంట. ఆ నిమిషంలో ఏమనుకున్నావని నేను అడిగినా. "నువ్వు స్టిక్కరు అతికించి, వేలితో నాలుగు మూలలా మెల్లగా రుద్దుతావే... అది గుర్తొచ్చె" అన్నాడు. ఈ మాట రాస్తా నేను ఆ వేలినే చూసుకుంటాండా.

పోయినాడు. దీపం చూపిస్తే గాలికి కోపమొస్తాదని ఆదెప్ప టార్చి ఇయ్యలేదు. గోడ పట్టుకుని, ఒక్కో అడుగే... గోడౌను వెనక వసారా. చెనిక్కాయ పొట్టు కాళ్లకింద మెత్తగా నలిగింది.

ఆడుంది.

అటు తిరిగి కూర్చుని. చీర తలనిండా కప్పుకుని. చేతిలో చాట.

చర్... చర్...

నరేష్ ఆ పొట్టులోనే బోర్లా పడి దండం పెట్టినాడు.

"తల్లీ! నల్లమ్మ తల్లీ! నేనేం చేయను... ఒక్క అరగంట చాట ఆపు తల్లీ. నా బతుకు నీ చేతిలో ఉండాది."

చాట ఆగింది.

దెయ్యం వింటాంది. నరేష్ కు ఏం చెప్పాలో తెలీక, మొత్తం చెప్పేసినాడు. మిషన్ గురించి, తొంభై మూడు గురించి, నా గురించి. మధ్యలో చీకటి లోంచి ఒక శబ్దం వచ్చింది.

"ఊ."

అవ్వలు కథ చెప్తే పిల్లోళ్లు ఊ కొట్టినట్లు. నరేష్ కు సగం పానం పోయింది. మిగిలిన సగంతో చెప్పుకుంటా పోయినాడు.

"పిల్ల మంచిది తల్లీ. వాళ్ల నాయనే... మొండి ఎద్దు. పర్మనెంట్, పర్మనెంట్ అని ఒకటే పాట. ఆయప్పకేం తల్లీ, మిల్లులో కడుపులో చల్ల కదలని ఉద్యోగం! మా మాదిరోళ్ల బాధ ఆయప్పకేం తెలుస్తాది?"

ఈసారి ఊ రాలేదు.

చాట కింద పెట్టిన శబ్దం వచ్చింది.

తర్వాత చీర ముసుగు లోంచి బొంగురుగా, దుమ్ము పట్టిన గొంతు —

"ఆ పిల్లకు నువ్వంటే ఇష్టమేనా?"

"నామీద పానం పెట్టుకుండాది తల్లీ."

"...ఊ. పో. ఆపుతా."

నరేష్ ఎట్ల తిరిగొచ్చినాడో అతనికే తెలీదు. చొక్కా నిండా పొట్టు. మేడమ్ "ఏమైంది?" అంటే "అరగంట ఇచ్చింది మేడమ్" అన్నాడంట. ఎవరని మేడమ్ అడగలేదు. అడిగే ధైర్యం ఆమెకూ మిగల్లేదు.

మిషన్ మూడుసార్లు నడిపినారు. నడిపిన ప్రతిసారీ, ఆపినాక, మళ్లీ ఖాళీ నిశ్శబ్దం కొలిచినారు. ఇరవై తొమ్మిది. ఇరవై తొమ్మిది. నాలుగో మైకు ముందర గోడౌను చచ్చినట్లు పడుంది. నరేష్ చేతులు మాత్రం — ఈసారి వణకలేదు.

లెక్క కట్టి మేడమ్ స్క్రీను తిప్పి చూపించింది. తొంభై రెండు.

అప్పుడే మొదటి పిట్ట కూసింది.

నాకు ఇవేమీ తెలీవు. తెల్లారి ఆరుకు ఎప్పటిమాదిరే మా నాయన డ్యూటీ నుంచి వచ్చినాడు. మోపెడ్ నిలబెట్టి, కాకీ చొక్కా దులుపుకుని, వాకిట్లో ముగ్గేస్తాండే నా పక్కన నిలబడినాడు.

"ఆ ఫిట్టరు పిల్లోన్ని ఆదివారం ఇంటికి రమ్మను."

ముగ్గుపిండి చేతిలోంచి రాలిపోయింది. ఇంకో అరగంటకు గానీ నరేష్ ఫోన్ రాలేదు. కథంతా విని నేను మంచం మీద కూలబడి ఏడ్చినా. నాకంతా తెలిసిపోయింది. నల్లమ్మ తల్లికి మా ప్రేమ మీద జాలి కలిగింది. బతికుండగా ఆమె కూడా ఎవరినో ప్రేమించే ఉంటుంది, అందుకే ఆ బస్తా అయిపోదు... ఆ తల్లే రాత్రికి రాత్రి హిందూపురం మిల్లుకు పోయి, మా నాయన చెవిలో చెప్పింది! లేకపోతే ఆరు నెలలు కరగని మనిషి ఒక్క రాత్రిలో ఎట్ల కరుగుతాడు?

మేము చర్చికి పోయేటోళ్లం. దెయ్యాలకు మొక్కకూడదు. కానీ మనసు ఒప్పుకోలేదు. మేలు చేసిన ముత్తైదువకు ఒక చీరైనా పెట్టకపోతే ఎట్ల?

సాయంత్రం నాయన డ్యూటీకి పోయే ముందు రాగిసంగటి తింటాండాడు. దగ్గర కూర్చుని మెల్లగా కదిపినా.

"నాయనా, పాస్టరయ్యకు చెప్పనంటే ఒక మాట. సుంకప్ప కళ్లంలో నల్లమ్మకు కొత్త చీర పెట్టాలనుకుంటాండా. ఎర్రంచుది."

నాయన ముద్ద పులుసులో అద్దుకుంటా, తల కూడా ఎత్తకుండా అన్నాడు.

"కొత్తది వద్దు పాపా. గంజికి మెడంతా గీసుకుపోతాది. పాతదే మెత్తగుండాది."

నా చేతిలో నీళ్ల చెంబు అట్లే ఉండిపోయింది.

నాయన కూడా ఆగిపోయినాడు. ఏమన్నాడో అప్పుడు తెలిసింది ఆయనకు. పొయ్యి దగ్గర మాయమ్మ కూడా ఇటు తిరిగింది.

"మిల్లు మూసి రెండేళ్లాయ పాపా," అన్నాడు చివరికి. "మూసిన మిల్లుకు వాచ్‌మన్ ఎందుకు? విత్తనాల మండీ ఆయప్ప చెనిక్కాయలిస్తాడు, చెరిగి ఇయ్యమని. పగలు చెరిగితే నలుగురూ చూస్తారు. ఆడైతే ఎవరూ రారు... నల్లమ్మ పేరు నాకు తోడు. దుమ్ముకు మీయమ్మ పాత చీర కప్పుకుంటా. నిన్న ఎవరెవరో వస్తే, భయపెడ్తే పోతారులే అనుకుంటి. షట్టరు కూడా కొడ్తి. పోలేదు."

అమ్మ వచ్చి నాయన పళ్లెంలో ఇంకో ముద్ద వేసింది. నాకు ఏడుపొస్తాంది, నవ్వొస్తాంది, ఏది ముందో తెలీలేదు.

"మరి... నరేష్ కు పర్మనెంట్ కాగితం ఇంకా రాలేదు నాయనా. నిన్ను ఎద్దు కూడా అన్నాడంట. అయినా ఎందుకు రమ్మంటివి?"

నాయన ముద్ద తుంచి, తుంచి, నోట్లో పెట్టుకోకుండా కూర్చున్నాడు. మీసం కింద ఏదో కదిలింది.

"నన్ను పట్టుకుని తల్లీ, తల్లీ అని ఏడ్చె పాపా," అన్నాడు. "తల్లీ అన్నాక ఎట్ల కాదంటా?"